ఆ పేరుతో ఇంకొకరున్నారు

ఒంటిగంటకు రక్తపరీక్షల ల్యాబు వాళ్లు చేతి తొడుగులు ఊడదీసి భోజనాలకు వెళ్తారు, రెండింటికి తిరిగొస్తారు, ఆ గంటసేపు ఆసుపత్రి కంప్యూటర్లన్నీ నా చేతికి వస్తాయి. అవి ఉండే గది నేల కింద ఉంటుంది. చల్లగానే ఉంటుంది గానీ, యంత్రాల వెనక్కి వెళ్లి నిలబడితే వాటి ఊపిరి వెచ్చగా మెడకు తగులుతుంది, నిద్రపోతున్న వాళ్ల పక్కన కూర్చున్నట్టుంటుంది, అందుకేనేమో ఆ గదిలోకి వెళ్తే నాకు పనికంటే ముందు ఆలోచనలు మొదలవుతాయి. ఆ రోజు మరీను. సాయంత్రం నాలుగింటికి మేం బాలసదనానికి వెళ్లాలి. అక్కడ ఐదేళ్ల పిల్ల ఉంది, ఆ సాయంత్రం నుంచి మా పిల్ల. ఆఖరి కాగితంలో పేరు దగ్గర గడి ఒక్కటే ఖాళీగా ఉంది, వచ్చేటప్పుడు తేల్చుకుని రండి అని అక్కడి ఆఫీసరమ్మ రెండుసార్లు చెప్పింది. పొద్దున గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటూ మా ఆయన, "నువ్వే తేల్చు, అమ్మతో కూడా నువ్వే మాట్లాడు," అని ఆ భారం నా నెత్తిన పెట్టి జారుకున్నాడు. నిజానికి పేర్లు పెట్టడం నా ఉద్యోగం. నెట్‌వర్క్‌లో ప్రతి యంత్రానికీ ఒక నంబరుంటుంది, అది మారిపోతుంటుంది, మనుషులు అద్దె ఇళ్లు మారినట్టు. మారనిది పేరు. ఒక యంత్రానికి ఇంకోదానితో పని పడితే పేరు పెట్టి కేకేస్తుంది, ఫలానా నువ్వెక్కడున్నావు అని. ఆ కేక అందరికీ వినపడుతుంది. ఎవరి పేరో వాళ్లొక్కరే పలుకుతారు, తక్కినవాళ్లు మాకేం సంబంధం అన్నట్టు ఊరుకుంటారు. నాకంటే ముందు అక్కడ ఇరవై ఏళ్లు పనిచేసిన పెద్దమనిషి, ఆసుపత్రిలో అందరూ పాతాయన అనేవారు, యంత్రాలన్నిటికీ ఇంటి భాగాల పేర్లు పెట్టాడు. బయటి లోకంలోకి దారిచ్చేది గడప. ఎక్కువ బరువు మోసేది దూలం. కాగితాలు అచ్చువేసేది వాకిలి. పరీక్షల ఫలితాలన్నీ వచ్చి చేరేది అటక. "దూలం పడిపోయిందండీ, పది నిమిషాలు ఓపిక పట్టండి," అని నేను ఫోన్‌లో చెబితే, కొత్తగా చేరిన నర్సులు తలెత్తి పైకప్పు చూసుకునేవాళ్లు.

ఆ వారం సోమవారం నుంచి అటకకు ఫలితాలు రావడం మానేశాయి. పైన రక్తం పరీక్షించే యంత్రం పంపేశాను అంటుంది, కింద అటక నాకేమీ అందలేదు అంటుంది, ఇద్దరూ చిన్నపిల్లల్లా ఒట్టేసి చెప్పినంత గట్టిగా చెబుతున్నారు. పదకొండు మంది రిపోర్టులు గాల్లో కలిసిపోయాయి. పదకొండు మందికీ మళ్లీ సూది గుచ్చాల్సి వచ్చింది, వాళ్లలో ఒక ముసలాయనకు నరం దొరక్క రెండు చేతులూ నాలుగుచోట్ల కమిలిపోయాయి, నేను తలుపు దగ్గర నిలబడి చూశాను, ఆయన నర్సుతో "కానివ్వమ్మా" అన్నాడంతే, తిట్టి ఉంటే బాగుండేది. ల్యాబు పెద్దావిడ మాత్రం నన్ను వదల్లేదు. "అటకను మార్చింది నువ్వే కదా?" అంది. మార్చింది నేనే. ఎనిమిది నెలల కిందట పక్క భవనానికి మరమ్మతులు జరిగినప్పుడు పాత అటక పలకడం మానేసింది, ఎంత పిలిచినా ఉలుకూ పలుకూ లేదు, ఎక్కడుండేదో కూడా ఎవరికీ తెలియదు, పోయిందనుకున్నాం. కొత్త యంత్రం తెప్పించాను. పైనున్న పరీక్ష యంత్రాలకు అటక అన్న పేరు తప్ప ఇంకోటి తెలియదు, వాటిని చేసిన వాళ్లు ఆ పేరును లోపల ఎక్కడో పాతిపెట్టేసి వెళ్లారు. అందుకని కొత్తదానికి పోయినదాని పేరే పెట్టేశాను. ఒక్క వరుస టైపు చేసి మీట నొక్కడం, అంతే పని. ఎవరికీ ఏ తేడా తెలియలేదు. ఎంత తెలివైన పని చేశానో అని ఆ పూట కాఫీ కూడా కాస్త నెమ్మదిగా, దర్జాగా తాగాను.

కొత్తదానికి పోయినదాని పేరు. మా అత్తయ్య అడిగింది కూడా అదే. ముప్ఫై ఒక్క ఏళ్ల కిందట ఆమె కూతురు ఆరేళ్లది జ్వరంతో పోయింది. మా ఆయనకు అప్పుడు తొమ్మిదేళ్లు, ఇప్పటికీ చెల్లి అంటాడే గానీ పేరు పలకడు, మామయ్య ఉన్నన్నాళ్లు ఆయనా పలకలేదట, మా ఇంట్లో ఆ పేరు మూడక్షరాలుగా, ఆ చెల్లి చేతిరాతతోనే, ఒక కాపీ పుస్తకం అట్ట మీద ఉంది, చివరి అక్షరం చోటు చాలక కిందికి వంగిపోయి. పెళ్లయిన కొత్తలో బీరువా సర్దుతూ ఆ పుస్తకం నేనే తీశాను, అత్తయ్య వచ్చి నా చేతిలోంచి మెల్లిగా తీసుకుని, తడిచేతులేమో అని నా వేళ్ల వంక చూసి, అట్టను కొంగుతో తుడుచుకుంటూ వెళ్లిపోయింది. అత్తయ్య టెలిఫోన్ ఆఫీసులో పనిచేసింది, ఇరవై ఎనిమిదేళ్లు, తీగలు ఒక రంధ్రంలోంచి పీకి ఇంకో రంధ్రంలో గుచ్చే కాలం నుంచి. నా ఉద్యోగం ఏమిటో మా అమ్మకు అర్థం కాలేదు, మా ఆయనకు సగమే అర్థమైంది, అత్తయ్యకు మాత్రం మొదటిరోజే అర్థమైంది. "అంటే నేను చేసిన పనే, మనిషి లేకుండా," అంది. ఒకసారి మడతబెట్టిన దుప్పట్లు మళ్లీ విప్పి మడతపెడుతూ చెప్పింది, పిల్ల పోయిన రోజు ఆసుపత్రి నుంచి ఫోన్ తన బోర్డుకే వచ్చిందని, అవతల గొంతు ఏదో అనబోతుంటే ఆరు లైన్లు వెలుగుతున్నాయని, ఎప్పుడూ అనే మాటే అన్నానని. "లైను ఖాళీ లేదు, ఆగండి, అన్నా. మూడుసార్లన్నా. నాకోసమే చేస్తున్నారని నాకేం తెలుసు?" ఆ మూడుసార్లనీ ఆమె ఏడవకుండా చెప్పింది, దుప్పటి అంచులు కలుస్తున్నాయో లేదో చూసుకుంటూ. అలాంటి మనిషి పోయిన ఆదివారం భోజనాల దగ్గర, "పిల్లకు మన అమ్మాయి పేరు పెడదామర్రా," అంటే ఎవరు కాదంటారు? మా ఆయన కంచంలోకి చూశాడు. నేను మంచినీళ్ల గ్లాసులోకి చూశాను.

ఎందుకు కాదనాలనిపించిందో నాకే తెలియదు. ఆ పిల్లకు పేరు లేక కాదు, రెండున్నాయి. సదనం రిజిస్టరులో ఒకటుంది, ఎవరో జాబితా చూసి రాసింది, వరసలో తరువాతి పేరు. రెండోది అక్కడి ఆయమ్మ పెట్టింది. మొదటిసారి వెళ్లినప్పుడు పిల్ల బల్ల కింద ఉంది. ఆఫీసరమ్మ రిజిస్టరు పేరుతో పిలిచింది, పిల్ల కదల్లేదు, మళ్లీ గట్టిగా పిలిచింది, గదిలో ఇంకో పదిమంది పిల్లలు తలలు తిప్పారు గానీ బల్ల కింద మాత్రం అరికాళ్లు అలాగే ఉన్నాయి. అప్పుడు ఆయమ్మ గది అవతలి కొస నుంచి, గుడ్డలు ఆరేస్తూ, గొంతు కూడా ఎత్తకుండా, "చీమా," అంది. బల్ల కింద నుంచి తల బయటికి వచ్చింది. మూడేళ్ల కిందట వచ్చిన రోజు అది గోడ పట్టుకుని చీమల బారు వెంట ముందుకు వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చి, పొద్దుగుంకేదాకా అలాగే తిరిగిందట, ఎవరు పలకరించినా పలకలేదట, ఏమ్మా చీమా ఏం వెతుకుతున్నావు అని ఆయమ్మ నవ్వులాటకు అంటే ఆగి ఆమె ముఖంలోకి చూసిందట. అంతే, ఆ పేరు అతుక్కుపోయింది. నేను నేల మీద కూర్చుని నీ పేరేంటని అడిగితే, తెలియకపోవడం నీ తప్పే అన్నట్టు చూసి, "చీమ," అంది. ఇంటికొచ్చి చెబితే అత్తయ్య నవ్వింది, "బడిలో చీమా అంటే తక్కిన పిల్లలు తొక్కేయరూ?" అంది, కానీ నవ్వు అయిపోయాక చాలాసేపు వేలితో బల్ల మీద ఏదో రాస్తూ కూర్చుంది, ఆ వేలు చివర్లో కిందికి వంగడం నేను చూశాను.

ఈ ఆలోచనల్లో పడి అప్పటికి పావుగంట పోగొట్టాను. ఉన్నది నలభై ఐదు నిమిషాలు. అటకను ఒకసారి ఆపి మళ్లీ లేపితే తప్ప లాభం లేదనుకుని ఆపాను. ఫ్యాన్లు నెమ్మదించి ఆగాయి, గదిలో ఒక గొంతు తగ్గింది, ఇరవై గొంతుల్లో ఒకటి తగ్గినా చెవికి తెలుస్తుంది. మళ్లీ లేపాను. తెల్లటి అక్షరాలు కింది నుంచి పైకి పాకుతుంటే మామూలుగా నేను చదవను, వానను చూసినట్టు చూస్తాను, ఆ రోజు మాత్రం భయం కొద్దీ చదివాను. లేవగానే ప్రతి యంత్రమూ చుట్టుపక్కల వాళ్లకు చెప్పుకుంటుంది, నేను ఫలానా, ఈ పేరు నాది, ఎవరికైనా అభ్యంతరమా అని. మామూలుగా ఎవరూ మాట్లాడరు. ఆ రోజు ఎవరో మాట్లాడారు. తెర మీద వచ్చిన మాటను మన భాషలో చెప్పుకుంటే ఇంతే: ఆ పేరుతో ఇంకొకరున్నారు, కనుక నేను అటక-రెండు. పేరేమిటని యంత్రాన్నే అడిగితే అటక అనే అంటోంది, తనలో తాను అటకే, కానీ ఇరుగుపొరుగు మాత్రం దాన్ని అటక-రెండు అని పిలుస్తున్నారు, ఎవరైనా అటకా అని పిలిస్తే ఇది పలకడం లేదు, వేరెవరో పలుకుతున్నారు. పోయిన ఆదివారం కరెంటు పనులకని ఆవరణంతా ఆపి మళ్లీ ఇచ్చారు. అప్పుడు ఎవరో నాకు తెలియకుండా దీనికంటే ముందు లేచారు. రెండు. ఆ అంకె వంక చూస్తూ కూర్చున్నాను. కళ్ల ముందు బడికి వెళ్లే పిల్ల కనిపించింది, సంచి వీపున, ఎవరో పేరు పెట్టి పిలిస్తే వెనక్కి తిరుగుతుంది, పిలిచిన వాళ్ల కళ్లు తన తల మీదుగా ఇంకెక్కడో వెతుకుతుంటాయి.

ఇరుగుపొరుగు జాబితా తీశాను. ప్రతి యంత్రమూ అలాంటిదొకటి రాసుకుంటుంది, ఎవరు పలుకుతున్నారు, ఎవరు పలికి చాలాసేపైంది, ఎవరు ఎంత పిలిచినా పలకలేదు అని. అటక పేరుతో పలికేది తీగలన్నీ వచ్చి కలిసే స్విచ్ డబ్బాలో పద్నాలుగో పోర్టు వెనక ఉందని తేలింది. పద్నాలుగో తీగ పట్టుకుని చూస్తే గోడలోకి వెళ్లిపోయింది, మీద చీటీ లేదు. పాతాయనకు ఫోన్ చేశాను. రిటైరయ్యాక ఆయన తేనెటీగలు పెంచుతున్నాడు, ఫోన్ నిండా రొద.

"సార్, మీ అటక ఎక్కడ పెట్టారు?"

"అది ఇంకా పలుకుతోందా!" అన్నాడు, పోయిన బంధువు కబురు విన్నట్టు. "పక్క భవనంలో పాత ఎక్స్‌రే ఫిల్ముల గది ఉంటుంది చూడమ్మా, అందులో అలమరా వెనక. తీసి పారేయమన్నారు, నాకు చేతులు రాలేదు. మరమ్మతులప్పుడు వాళ్లు ఆ గదికి కరెంటు పీకేశారనుకుంటా."

"ఒక్క ముక్క చెప్పి వెళ్లాల్సింది సార్."

"చెప్తే తీయించేదానివి," అన్నాడు, అది నిజం. ఆదివారం కరెంటు తిరిగి ఇచ్చినప్పుడు ఆ గదికి కూడా కలిపేసి ఉంటారు.

తాళంచెవి కాపలాదారు దగ్గర దొరికింది. ఆ గదిలో ఎత్తున ఒక చిన్న అద్దం గుండా ఎండ పడుతోంది, మరమ్మతుల సున్నం దుమ్ము నేలంతా తెల్లగా, నా చెప్పుల గుర్తులు తప్ప దాని మీద ఇంకేమీ లేవు. గోడలకు ఆనించిన ఫిల్ములు నల్లగా, ఎవరెవరివో పక్కటెముకలు, ఎవరిదో అరచెయ్యి వేళ్లు చాచి. అలమరా పక్కకు జరిపితే వెనక అదుంది, గోధుమరంగు డబ్బా, మీద పాతాయన చేతిరాతతో అటక అని, ఆకుపచ్చ దీపం ఒకటి వెలుగుతూ ఆరుతూ. తెర లేదు, దాన్ని చూసేవాళ్లు లేరు. పిలిచారు కాబట్టి పలికింది, ఇచ్చారు కాబట్టి పుచ్చుకుంది, దాని తప్పేముంది? చేతిలో ఉన్న చిన్న కంప్యూటర్ తగిలించి లోపలికి చూశాను. పదకొండు రిపోర్టులూ ఉన్నాయి. సోమవారం ఎనిమిదీ ఇరవైకి మొదటిది, ఒక్కొక్కటీ వచ్చిన వేళతో సహా, ఒక్క అంకె పోకుండా. ఆ ముసలాయనది ఏడోది. నేను ఆ దుమ్ములోనే కూర్చుండిపోయాను. ఆయన చేతులు గుర్తొచ్చాయి, ఏడవకూడదనుకుంటూనే ఏడ్చాను, ఎందుకో మొదట తెలియలేదు, కాసేపటికి తెలిసింది. నేను పోయిందనుకున్నదాని పేరు తీసి ఇంకోదానికి తగిలించి, దులిపేసుకుని, కాఫీ తాగాను. అత్తయ్య అలా కాదు. అత్తయ్య ఆ పేరును ఎవరికీ ఇవ్వకుండా ముప్ఫై ఒక్క ఏళ్లు దాచుకుని, తన దగ్గరున్న వాటిలో అంతకంటే విలువైనది లేదు కాబట్టి, మా పిల్లకు ఇస్తానంటోంది. వద్దనడం ఎలా?

ఒకటీ నలభై అయింది. పని చేతులే చేసుకుపోయాయి. పాతదాని పేరు పాతదానికే ఉంచాను, అందిన ప్రతి ఫలితాన్నీ వెంటనే కొత్తదానికి అందించమని దానికి చెప్పాను. కొత్తదానికి సొంత పేరు కావాలి. తల ఎత్తితే కనిపించింది పైనున్న చిన్న అద్దమే, కిటికీ అని రాసి మీట నొక్కాను. నేను కిటికీని, ఎవరికైనా అభ్యంతరమా అని అది అడిగింది. ఎవరికీ లేదు. పదకొండు రిపోర్టులూ ఒకదాని వెనక ఒకటి వెళ్లి దాన్లో చేరాయి. అప్పుడు ఇంటికి ఫోన్ చేశాను. అత్తయ్య ఎప్పట్లాగే మొదటి గంటకే ఎత్తింది, ఆమె రెండో గంట దాకా ఎప్పుడూ ఆగదు.

"అత్తయ్యా, ఆ పేరు వద్దు," అన్నాను. మెత్తగా మొదలుపెడదామని ఎన్ని మాటలు కూర్చుకున్నానో, ఒక్కటీ నోటికి రాలేదు. "మీరు పిలిచినప్పుడల్లా ఇద్దరు పలకాలి. ఒకరే పలుకుతారు. అప్పుడు ఆ పలికిన దాన్ని మీరెలా చూస్తారో నాకు భయంగా ఉంది."

అవతల గాలికి ఏదో తలుపు కొట్టుకుంటోంది. ఫోన్ పెట్టేసిందేమో అనుకున్నాను.

"నేను రోజూ పిలుస్తానే," అంది. "మీరిద్దరూ ఆఫీసులకు వెళ్లాక. ఒక్కసారి. పలుకుతుందని కాదు, నాకు పిచ్చి లేదు. ఎవరూ అనకపోతే పేరుకు తుప్పు పడుతుందని."

"తెలియదత్తయ్యా."

"ఎలా తెలుస్తుంది, చెప్తేగా." ఆ తలుపు మూసిన చప్పుడైంది. "దీనికి పెట్టేస్తే ఇక దాన్ని పిలవడానికి నాకు పేరుండదు, అవునా? ఇప్పుడే తట్టింది చూడు." ఊపిరి గట్టిగా వదిలింది. "దాని పేరు దానికే ఉండనీ. నాలుగింటికి కదా? నేనూ వస్తా. ఆ సదనం ఏదో ఒకసారి నేనూ చూడాలి." అప్పటిదాకా రమ్మంటే మోకాళ్ల నొప్పులని తప్పించుకున్న మనిషి. ఫోన్ పెట్టేయబోతూ, "నానమ్మ అనమని నేర్పేవు ముందే, నేనే చెప్పుకుంటా," అంది.

రెండింటికి ల్యాబు తెరిచారు. మొదటి ఫలితం సరిగ్గా చేరిందని చూసి, పెద్దావిడకు పదకొండు రిపోర్టులూ చేతికిచ్చాను, ముసలాయనకు రెండోసారి గుచ్చక్కర్లేకపోయేదని కూడా నేనే చెప్పాను, ఆమె ఆ కాగితాలను వరసగా పెట్టుకుంది. తరవాతి రెండు గంటలు ఎలా గడిచాయో గుర్తులేదు. సదనంలో నేను చెప్పిన పేరు విని ఆఫీసరమ్మ కలం పట్టుకుని తలెత్తింది. "చీమ. ఇది ముద్దుపేరు కదండీ?" అంది. "ఇదే పేరండీ," అన్నాడు మా ఆయన, నాకంటే ముందే, కాస్త గట్టిగానే. అత్తయ్య లోపలికి రాలేదు. వరండా మెట్ల దగ్గరే నిలబడిపోయింది. పిల్ల మెట్టు మీద కూర్చుని కొత్త బూట్ల తాళ్లు ముళ్లు వేసుకుంటోంది, ఆయమ్మ సాయం చేయబోతే చేయి తోసేస్తోంది. దారిపొడుగునా కారులో అత్తయ్య పెదాలు కదులుతూనే వచ్చాయి, నేను నీ నానమ్మనమ్మా, నానమ్మని, అని వల్లె వేసుకుంటోందని నాకు తెలుసు. పిల్ల ముడి పూర్తిచేసి, అది నిలుస్తుందో లేదో రెండుసార్లు నేలకేసి తన్ని చూసి, తల ఎత్తింది. ఎదురుగా ముసలామె.

"నీ పేరేంటి?" అంది చీమ.

అత్తయ్య నోరు తెరిచింది. నానమ్మ అనలేదు. తన పేరు చెప్పింది. ఇంటికొచ్చిన పన్నెండేళ్లలో ఆ పేరు పింఛను కాగితాల మీద చూశాను గానీ, ఆమె నోట వినడం నాకదే మొదటిసారి. కాస్త పొడుగు పేరు. పిల్ల దాన్ని నోట్లో తిప్పుకుని, మధ్య అక్షరం ఒకటి మింగేసి, తిరిగి చెప్పింది. అత్తయ్య దిద్దలేదు.

"ఊఁ," అని పలికింది.